పునరుక్తి దోషము

చెప్పినదానినే మరల చెప్పుట కావ్యదోషములలో నొకటియని ఆలంకారికులు శాసించిరి. దానికి పునరుక్తియని పేరు. మేము ఇరువది రెండేండ్లుగా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులమై యుండి, ఈ దోషమును గూర్చి యేటేట అవే మాటలతో, అవే యుదాహరణములతో, ఇంచుమించుగా అవే ఛలోక్తులతో పిల్లలకు బోధించుచున్నాము. దోషమును బోధించుటలోనే యా దోషమున పడియున్నామని తోచుటకు మాకు నలువది యారేండ్లు పట్టినది. అదియు మేము చదివిన సంస్కృతమువలన గాని, పిదప పట్టము పుచ్చుకొన్న ఆంగ్లమువలన గాని తోచినది కాదు. మా మేనల్లుడు బెర్లిను నగరమునుండి తెచ్చిన యొక నల్లని గ్రామఫోను రికార్డువలన తోచినది. ఆ కథను చదువరులకు విన్నవించుటకే యీ వ్యాసము.

వేసవి సెలవులలో నొకనాడు మా అక్కయ్య ఫోను చేసినది. "ఒరే తమ్ముడూ! వీడు ఇకమీదట ఉద్యోగం వారానికి మూడు రోజులే చేస్తాడట. మిగతా రోజులు ఏవో డబడబలు వాయించుకుంటాడట. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. సంబంధాలు వస్తుంటే ఏమని చెప్పమంటావు? నేనేమన్నా అంటే నవ్వుతాడు. నీ దగ్గరికి పంపిస్తున్నా. నువ్వు పంతులువి, నీ మాట వింటాడు" అని చెప్పినది. ఉపదేశము చేయుట మాకు వృత్తి. కొంతవరకు వ్యసనము కూడ. కావున సంతోషముతో నొప్పుకొంటిమి. జీవనోపాధిని గూర్చి యొకటి, ఆరోగ్యమును గూర్చి యొకటి, సంగీత సంప్రదాయమును గూర్చి యొకటి, ఇట్లు మూడు ప్రకరణములుగా ఉపదేశమును సిద్ధపరచుకొంటిమి.

వాడు వచ్చెను. సాయంకాలము డాబామీద మడతమంచము వేసికొని కూర్చుంటిమి. మేము గొంతు సవరించుకొనుచుండగనే వాడు చెవులకు తగిలించుకొను యంత్రమొకటి మా తలకు తొడిగి, "ముందు ఒక్క పాట వినండి మామయ్యా. తరువాత తిట్టండి" అనెను. తిట్టుటకైనను వినవలెను గదా యని వింటిమి.

ధబ్, ధబ్, ధబ్, ధబ్ అని యొక మొత్తు. మొత్తుకు మొత్తుకు నడుమ సన్నని తాళపుచిప్పల సవ్వడి. అప్పుడప్పుడొక పొట్టి స్వరము. గాయకుడు లేడు, మాట లేదు, పల్లవి లేదు, చరణము లేదు. రెండు నిమిషములైనది, పాట మొదలు కాలేదు. నాలుగు నిమిషములైనది, ఇంకను మొదలు కాలేదు. ఏడవ నిమిషమున ఆగిపోయినది. మేము యంత్రమును తీసి, "మా చిన్నతనంలో ఊరి చివర పిండిమర ఉండేదిరా. దానికి టిక్కెట్టు పెడితే మేము కోటీశ్వరులమయ్యేవాళ్ళం" అంటిమి. ఛలోక్తి మాకు బాగుగనే యున్నట్లు తోచినది. వాడును నవ్వెను. నవ్వి, "అదే పాట మళ్ళీ వినండి. ఇందాక మారనిదాన్ని విన్నారు. ఈసారి మారేదాన్ని వినండి" అనెను.

ఇది మాకు తగిలినది. పిల్లలు పద్యము అర్థము కాలేదన్నప్పుడు మేమును ఇట్లే అందుము గదా! రెండవసారి వింటిమి. ఆ పొట్టి స్వరము మొదట మూతపెట్టిన కుండలోనుండి వచ్చినట్లుండి, క్రమక్రమముగా మూత జరిగినట్లు వెలుగు నెక్కుచున్నది. తాళపుచిప్పల సవ్వడి యొకచోట తప్పుకొని, ఎనిమిది యావృత్తముల పిదప మరియొకచోట వచ్చి చేరుచున్నది. ఒకమారు ఆ మొత్తు రెండు క్షణములపాటు లేకపోయెను. లేనప్పుడు గాని అది యుండినదని మాకు తెలియలేదు. తిరిగి వచ్చినప్పుడు, మంచముమీద మా కాలు మా యనుమతి లేకుండనే కదలినది. మేనల్లుడు చూచెను, చూడనట్లు నటించెను.

ఆ రాత్రియు, తరువాతి నాలుగు రాత్రులును వాడు చెప్పగా విన్నదియు, పిమ్మట మేము స్వయముగా చదివి తెలిసికొన్నదియు ఇక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఈ సంగీతమునకు 'మినిమల్ టెక్నో' యని పేరు. టెక్నో పుట్టినది అమెరికాలోని డెట్రాయిటు నగరమున. అది మోటారుకార్ల పట్టణము. 1950లో దాని జనసంఖ్య 18 లక్షలకు పైగా నుండెను. 2020 లెక్కలనాటికి 6,39,111కి పడిపోయినది. కర్మాగారములు తరలిపోయినవి, తెల్లవారు శివారులకు తరలిపోయిరి, మిగిలినవారిలో నధికులు నల్లజాతివారు. 1980ల నడుమ ఆ నగర సమీపమున బెల్‌విల్ అను చిన్నయూరి బడిలో చదివిన ముగ్గురు నల్లజాతి యువకులు, హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనువారు, చవుకగా దొరకిన విద్యుద్వాద్యములతో ఈ సంగీతమును కల్పించిరి. జర్మనీ దేశపు క్రాఫ్ట్‌వెర్క్ అను బృందముయొక్క యంత్రసంగీతము వారికి మార్గదర్శకమైనది. 1988లో ఇంగ్లండున వెలువడిన యొక సంకలనమువలన టెక్నో యను పేరు లోకమున పాతుకొన్నది.

1990ల ఆరంభమున ఐరోపా నృత్యశాలలలో ఈ సంగీతమునకు వేగమును ఆర్భాటమును మితిమీరినవి. అప్పుడు డెట్రాయిటు వాడేయైన రాబర్ట్ హుడ్ అనునతడు, ఉన్నవానిలో నుండి ఒక్కొక్కటి తీసివేయుట మొదలుపెట్టెను. 1994లో ఆయన 'మినిమల్ నేషన్' అను రికార్డును వెలువరించెను. తీసివేయగా తీసివేయగా దేనిని తీసినచో పాట నిలువదో అదియే మిగులవలెనని యీ మార్గముయొక్క నియమము. దీనిని 'అల్పసామగ్రీవాదము' అందమా? మా మేనల్లుడు, "పత్యం అనండి మామయ్యా, చాలు" అనెను. హుడ్ పిదప క్రైస్తవ మతబోధకుడు కూడ నైనాడని విని మా అక్కయ్య కొంత ఊరట చెందినది.

ఈ సంగీతమునకు రెండవ పుట్టినిల్లు బెర్లిను. 1989 నవంబరు 9వ తేదీని గోడ కూలినది. తూర్పు భాగమున దిక్కులేక పడియున్న భవనములలో యువకులు చేరిరి. 1991లో నొక పాత వాణిజ్యశాలయొక్క నేలమాళిగలో, ధనము దాచు ఇనుపగదులలో, 'ట్రెజోర్' అను నృత్యశాల వెలసెను. జర్మను భాషలో ఆ మాటకు ధనాగారమనియే యర్థము. 2005లో ఆ చోటు మూతపడగా, 2007లో అది యొక పాత విద్యుత్కేంద్రమున తిరిగి తెరవబడెను. హుడ్ రచించిన మరియొక గ్రంథము, గ్రంథమనియే యందుము, 'ఇంటర్నల్ ఎంపైర్' 1994లో ఆ నృత్యశాలవారి ముద్రతోనే వెలువడెను. 2024లో జర్మనీ దేశము బెర్లిను టెక్నో సంస్కృతిని తన యమూర్త వారసత్వముల జాతీయ పట్టికలో చేర్చుకొన్నది. మన వేదపఠనమును 2008లో యునెస్కో తన ప్రపంచపట్టికలో చేర్చుకొన్నది. పట్టికలు వేరు, మర్యాదలు వేరు. కాని రెండును పుస్తకమున గాక మనుష్యుల దేహములయందు నిలిచియున్న విద్యలను గూర్చినవే.

వేదపఠనమనగానే మాలోని పండితుడు మేలుకొనెను. క్రమము, జట, ఘనము అను పాఠములలో పదములను ముందు వెనుకలుగా త్రిప్పి త్రిప్పి చెప్పుదురు. ఘనపాఠమున మొదటి రెండు పదములు ముందునకొకసారి, వెనుకకొకసారి; పిదప మూడవ పదమును కలుపుకొని ముందునకు, వెనుకకు, మరల ముందునకు. కొన్నియే పదములు, నడక నిశ్చితము, మార్పు స్వల్పము. "ఇదంతా మన వాళ్ళు వేల ఏళ్ళ క్రితమే చేశారురా!" అని మేము చప్పట్లు చఱచితిమి. వాడు మర్యాదగా నూరకుండి, "చేసినది వేరు పనికోసం కదా మామయ్యా. అక్షరం పోకుండా కాపాడటానికి అది. మనిషి చేత ఆడించటానికి ఇది. డెట్రాయిటు వాళ్ళు ఘనపాఠం వినలేదు" అనెను. అన్నియు మన తాటియాకులలోనే కలవనుట సంస్కర్తలమని చెప్పుకొను మాకును వదలని జాడ్యము. సామ్యము వేరు, సంబంధము వేరు. ఈ భేదమును మేము తరగతిలో బోధించుచున్నాము, డాబామీద మఱచితిమి.

నిజమైన సంబంధములును కొన్ని లేకపోలేదు. అమెరికాలో టెక్నోకు పూర్వమే 'మినిమలిజం' అను వేరొక సంగీతమార్గము కలదు. దాని ఆద్యులలో నొకడైన టెరీ రైలీ 1964లో 'ఇన్ సి' యను కృతిని రచించి, 1970 మొదలు కిరానా ఘరానాకు చెందిన పండిత ప్రాణనాథునకు శిష్యుడై హిందుస్థానీ గానము నభ్యసించెను. ఇక బొంబాయి సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో పది రాగములను జపాను దేశపు రోలాండ్ యంత్రములమీద, నృత్యపు తాళముతో వాయించి యొక రికార్డు విడుదల చేసెను. నాడు దాని నడిగినవారు లేరు. కొన్నియేండ్ల పిదప షికాగో నగరపు యువకులు అట్టి యంత్రములతోనే కల్పించిన సంగీతము లోకప్రసిద్ధమైనది. 2010లో సింగుగారి రికార్డు పునర్ముద్రితము కాగా విన్నవా రాశ్చర్యపడిరి. ఆయనను జూచి వారు నేర్చినదియు లేదు, వారిని జూచి ఆయన నేర్చినదియు లేదు. ఒకే పనిముట్టు రెండు చేతులలో ఇంచుమించుగా నొకే దారి పట్టినది.

ఆ పనిముట్టును గూర్చి రెండు మాటలు. తాళయంత్రమున పదునారు మీటలు వరుసగా నుండును. ఏ మీట నొక్కిన ఆ చోట దెబ్బ పడును. నొక్కనిచో అక్కడ నిశ్శబ్దము. పదునారు కాగానే మరల మొదటికి వచ్చును. చతురశ్రగతిలో నాలుగు క్రియలకు నాలుగేసి మాత్రలు వేసికొన్నచో లెక్క సరిపోవును గనుక, మన తాళము తెలిసినవారికి ఇందు కొత్త లేదు. టెక్నోలో మిక్కిలి వాడుకపడిన 909 సంఖ్యగల రోలాండ్ యంత్రము 1983 మొదలు రెండేండ్లలోపుననే తయారీ నిలిచిపోయినది. నిజమైన డప్పువలె మ్రోగదని సంగీతజ్ఞులు దానిని మెచ్చలేదు. మెచ్చనందున వెల పడిపోయినది. వెల పడినందున పేదల చేతికి వచ్చినది. ఈ మార్గపు పాట నిమిషమునకు నూట ఇరువదెనిమిది దెబ్బల వేగముతో ఏడు నిమిషములు నడచినచో, పెద్దమొత్తు సుమారు 900 సార్లు పడును. తొమ్మిదివందల పునరుక్తులు! మా యలంకారశాస్త్రము నేలబడినది.

ఇక 'రీమిక్స్' అను మాటను వివరింపవలెను. కొత్త రికార్డులలో పెక్కింటికి ఒక ప్రక్క మూలము, రెండవ ప్రక్క వేరొకరు దానిని మరల కూర్చిన రూపము ఉండును. ఈ యాచారమునకు మూలము జమైకా ద్వీపమున కలదు. కింగ్ టబీ యను పేర ప్రసిద్ధుడైన ఆస్బోర్న్ రుడక్ అచ్చట రేడియోలు బాగుచేయు పనివాడు. 1970ల ఆరంభమున ఆయన పాటలలోని గొంతును తీసివేసి, మద్దెలను మంద్రమును ముందునకు తెచ్చి, అక్కడక్కడ ప్రతిధ్వనిని నింపి, పాటయొక్క అస్థిపంజరమును వినిపించెను. దానికి 'డబ్' అని పేరు. బెర్లినులో మార్క్ ఎర్నెస్టస్, మోరిట్స్ ఫాన్ ఓస్వాల్డ్ అనువారు 1993లో స్థాపించిన 'బేసిక్ చానల్' ముద్రలో ఆ జమైకా ప్రతిధ్వనియు డెట్రాయిటు తాళమును కలిసికొన్నవి. ఆ ఓస్వాల్డే 2008లో డెట్రాయిటుకు చెందిన కార్ల్ క్రెయిగ్‌తో కలిసి, హెర్బర్ట్ ఫాన్ కరయాన్ నడపిన బెర్లిను మహావాద్యబృందముయొక్క పాత రికార్డులను, అందు రావెల్, ముసోర్గ్‌స్కీల కృతులను, విప్పి మరల కూర్చెను. శాస్త్రీయసంగీతపు పెద్దపీట యగు జర్మను సంస్థయే దానిని ప్రకటించెను.

ఒకరి కృతిని మరియొకరు విప్పి కూర్చుట దొంగతనము కాదా యని చదువరు లడుగవచ్చును. మేమును అడిగితిమి. అనుమతితో చేయునది రీమిక్స్, అనుమతి లేనిది చౌర్యమని వాడు బదులు చెప్పెను. కాని మాకు కలిగిన సమాధానము వేరు. కవిత్రయమువారు వ్యాసభారతమును తెనిగించునప్పుడు ఒకచోట తగ్గించిరి, ఒకచోట పెంచిరి, కొంత విడిచిరి. మన తెలుగునేలవాడైన కోలాచలము మల్లినాథుడు, మూలమున లేనిది వ్రాయనని ప్రతిన పూని, కాళిదాసు శ్లోకములను పదపదముగా విప్పి అన్వయించి చూపెను. అవధానమున పృచ్ఛకుడొక పాదమిచ్చి, మిగిలిన మూడు పాదములను పూరింపు మనును. మూలమును గౌరవించుచు దానిని వేఱుగా వినిపించుట మనకు పరాయి విద్య కాదు. ఆ పని చేయువానిని మనము వ్యాఖ్యాతయనియు, అవధానియనియు శాలువ కప్పుదుము. మా మేనల్లుని మాత్రము చెడిపోయినవా డందుము.

ఐదవనాటి రాత్రి వాడు తన పెట్టెనుండి యొక పండ్రెండంగుళముల రికార్డు తీసెను. బెర్లినులో వాని స్నేహితులు మూడువందల ప్రతులు వేయించిరట. ముందు ప్రక్క స్నేహితుని పాట, వెనుక ప్రక్క మావాడు చేసిన రీమిక్స్. మా యింట దానిని త్రిప్పు యంత్రము లేదు గనుక చేతిఫోనులో నున్న ప్రతిని వినిపించెను. ఆ పెద్దమొత్తు మాకిప్పుడు చుట్టమైనది. దానిమీద కొయ్యమీద కొయ్య తగిలినట్టి యొక పొడిదెబ్బ, టక్, టక్, ట-టక్, అని నడచుచున్నది. బాగున్నదని మనసార మెచ్చుకొని, "ఆ కొయ్య చప్పుడు ఏ వాద్యంరా?" అని అడిగితిమి.

వాడు కొంచెము తడబడి, "మీ రూళ్ళకఱ్ఱ మామయ్యా" అనెను.

వానికి తొమ్మిదేండ్ల వయసున, 2006 వేసవిలో, మా యింట నుండగా మేము శబ్దమంజరి నేర్పితిమి. ఊరికి వెళ్ళిన పిమ్మట వల్లె వేసికొనుటకై మా గొంతుతో విభక్తులన్నియు నొక క్యాసెట్టున నింపి యిచ్చితిమి. మేము చదువునప్పుడు రూళ్ళకఱ్ఱతో బల్లమీద తాళము వేయుట యలవాటు. అక్కయ్య బీరువాలో ఆ క్యాసెట్టు దొరకగా వాడు బెర్లినుకు పట్టుకొనిపోయినాడు. "ముందు మీ గొంతుతోనే చేశాను. బాగా రాలేదు. గొంతు తీసేశాక నిలబడింది. నాకు తెలిసిన మొదటి తాళయంత్రం అదే మామయ్యా. ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ అవలేదు" అని వాడు భక్తితో చెప్పెను. మేమును నవ్వితిమి, వీపు తట్టితిమి, క్రిందికి దిగివచ్చి పడుకొంటిమి. నిద్ర రాలేదు.

గొంతు తీసివేయగా కఱ్ఱ మిగిలినది. తీసినచో నిలువనిది ఏదో అదియే మిగులవలెనని గదా నియమము! ఇరువది రెండేండ్ల మా బోధనలో గొంతు తీసివేసినచో ఏమి మిగులును? ఆ ప్రశ్నకు సమాధానముగా మాకొక కుఱ్ఱవాని వ్రేళ్ళు కనబడినవి.

2011లో తొమ్మిదవ తరగతికి ఛందస్సు చెప్పుచుంటిమి. గురులఘువులు వివరించి, పద్యమొకటి చదివి, గణములు విభజింపుమని యందఱకును ఇచ్చితిమి. వెనుక బల్లనుండి చప్పుడు. ఒక కుఱ్ఱవాడు రెండు వ్రేళ్ళతో బల్లమీద దరువు వేయుచున్నాడు. వాని తండ్రి డప్పు వాయించును. మా బాల్యమున ఆ డప్పు వీధిలోనికి వచ్చినచో మా యింటివారు కిటికీలు మూసెడివారు, చావు చప్పుడనెడివారు. మేము పెద్దవారమై సంస్కరణమును గూర్చి ఉపన్యాసము లిచ్చితిమి, సహపంక్తి భోజనములు చేసితిమి. కాని చెవుల కిటికీలు తెఱచితిమో లేదో యెన్నడును చూచుకొనలేదు. "ఇది బడా, మీ పేటా?" అంటిమి. చేతిలోనున్న రూళ్ళకఱ్ఱ వాని వ్రేళ్ళమీద పడినది. ఒకసారి కాదు. పిల్లలను కొట్టరాదని విద్యాహక్కు చట్టము అప్పటికి ఏడాదిగా అమలులో నుండెను. ఆ సంగతి మాకు తెలియును. పదవ తరగతి పరీక్షలకు ముందే వాడు బడి మానెను. దానికి పెక్కు కారణము లుండవచ్చును. కారణములు లెక్కించునప్పుడు మా కఱ్ఱను విడిచి లెక్కించుట మాకలవాటైనది.

మమ్ము నిద్రపోనీయనిది దెబ్బ మాత్రము కాదు. వాడు ఆనాడు వాయించినది ఏమి? ఊరకే అల్లరియా? ఇంటి దరువా? లేక మేమిచ్చిన పద్యపు గురులఘువులనే వ్రేళ్ళతో పరీక్షించుకొనుచుండెనా? గురువునకు పెద్దదెబ్బ, లఘువునకు చిన్నదెబ్బ; ఛందస్సు నేర్చుకొనుటకు అంతకంటె మంచిదారి లేదు. మేము వినియుండిన తెలిసెడిది. తాళము తెలిసినవారమే, మంచి చెవి కలవారమే. చప్పుడని ముందే నిర్ణయించుకొన్నందున వినలేదు. డెట్రాయిటు నల్లవారి మొత్తును పిండిమర యన్న నోరే, ఆనాడు వాని దరువును 'మీ పేట' యన్నది. ఎవరిని మనము ప్రక్కన కూర్చుండబెట్టుకొనమో, వారు చేయునది మన చెవికి సంగీతము కాక చప్పుడగును. దీనికి చెవి కారణము కాదు.

మఱునాడు అక్కయ్యకు ఫోను చేసి, వాడు అప్పు చేయలేదనియు, మూడు దినముల జీతముతో బ్రదుకుట యెట్లో కాగితముమీద లెక్క వ్రాసి చూపినాడనియు, తాము చేయు పనిని వాడు శ్రద్ధతో నేర్చినాడనియు చెప్పితిమి. ఆరోగ్యప్రకరణము మాత్రము విడువలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో నృత్యశాలలకు పెట్టిన హద్దు, పదునైదు నిమిషముల సగటున నూరు డెసిబెల్లులు. చెవి యొకసారి చెడినచో తిరిగి రాదు. వాడు చెవులలో పెట్టుకొను బిరడాలను చూపి మా నోరు మూయించెను. అక్కయ్య యంతయు విని, "వాణ్ణి మార్చమని పంపితే వాడే నిన్ను మార్చాడా?" అని కోపముతో ఫోను పెట్టివేసినది. ఆ కోప మింకను చల్లారలేదు. తల్లి భయమునకు తాళశాస్త్రము మందు కాదు.

మేనల్లుడు బెర్లినుకు బయలుదేరిన నాటి సాయంకాలము మేము పేటకు పోతిమి. పోయి యేమి చెప్పవలెనో మాకు నిశ్చయము లేదు. వాడిప్పుడు ఆటో నడపుచున్నాడు. మమ్ము చూచి లేచి నిలిచి, "సార్, మీరా!" యని కుర్చీ వేసెను. మేము నిలిచియే, ఆ దినమును గుర్తు చేసి, తప్పు చేసితిమని చెప్పితిమి. వాడు తల వంచుకొని చాలసేపు మాటాడలేదు. "ఆ రోజు ఏం వాయిస్తున్నావయ్యా?" అని అడిగితిమి. మాకు తెలియవలసిన దదియే గదా.

"ఏ దరువో గుర్తులేదు సార్. దెబ్బ గుర్తుంది" అనెను.

తీసివేసినదానిని మరల కూర్చుటకు రీమిక్సు చేయువారికి మూలము భద్రముగా నుండును. ఇక్కడ మూలము లేదు. మేము ఊరకుంటిమి. ఇంటిలోనుండి ఐదేండ్ల పిల్ల యొకతె వచ్చి వాని కాలు పట్టుకొని నిలిచినది. వాడు దాని తలమీద చేయి వేసి, "మీ హైస్కూలుకొచ్చేసరికి ఇంకా ఆరేళ్ళు పడుతుంది సార్. అప్పటికి మీరుంటారా?" అనెను. అది ఆహ్వానమో, భయమో, వట్టి విచారణయో వాని ముఖమున మాకు తెలియలేదు.

"ఉంటాను" అంటిమి.

"కొట్టరుగా?" అనెను.